జడ్జి అవుతానంటున్న అమ్మాయిని ఏ లా కాలేజీలో చేర్చాలి?

ప్రశ్న: మాది మదనపల్లె. పదకొండేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా ఆయన టైల్స్ పని కాంట్రాక్టులు చేస్తారు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. మా పెద్దమ్మాయి రెండో పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) 88 శాతంతో పాసైంది. లా చదివి జడ్జి అవుతానంటోంది. క్లాట్ (నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) రాసింది కానీ ఇక్కడి నేషనల్ లా స్కూల్‌కి ర్యాంకు చాలలేదు. ఉత్తరాదిలో కొత్తగా వచ్చిన ఒక నేషనల్ లా యూనివర్సిటీలో సీటు వచ్చేలా ఉంది, హాస్టల్‌తో కలిపి ఏడాదికి రెండున్నర లక్షలు. బెంగళూరులోనే ఒక ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్లు సీటు ఇస్తామన్నారు, ఏడాదికి మూడు లక్షలు. ఈ వారంలో కట్టకపోతే సీటు పోతుందని రోజూ ఫోన్ చేస్తున్నారు. మెట్రోలో వెళ్లి రాగలిగే దూరంలో స్టేట్ లా యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీ ఒకటుంది, ఏడాదికి 70 వేలు. చెన్నై అంబత్తూరులో ఉండే మా తమ్ముడు హైకోర్టు పక్కనే లా కాలేజీ ఉంది, నా దగ్గరకి పంపు అంటున్నాడు. పేరున్న యూనివర్సిటీ అయితేనే ఉద్యోగం వస్తుంది, అప్పు చేసైనా ప్రైవేట్‌లో చేరుద్దాం అని మా ఆయన. ఆడపిల్లకి లాయరు చదువేంటి అని మా అత్తగారు. చిన్నమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కె.ఆర్.పురం

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు కాలేజీలు, రకరకాల సలహాలు ఉన్నాయి. నేను మాత్రం మీ అమ్మాయి అన్న ఒక్క మాట దగ్గర మొదలుపెడతాను. జడ్జి అవుతానంటోంది. రేపు మనసు మారవచ్చు, ఆ వయసులో అది సహజమే. అయినా ఇవాళ ఆమె చెప్పిందే నిజమనుకుని, ఆ పదవి దగ్గర నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి. ఏ కాలేజీ అన్నది చాలావరకు అందులోనే తేలిపోతుంది.

జడ్జి ఉద్యోగంలో మొదటి మెట్టు జూనియర్ సివిల్ జడ్జి. 2002 తర్వాత చాలా రాష్ట్రాల్లో లా పాసైన పిల్లలు నేరుగా ఈ పరీక్ష రాసేవాళ్లు. 2025 మే 20న సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. కనీసం మూడేళ్లు వకీలుగా పనిచేసిన వాళ్లే రాయాలంది. ఆ మూడేళ్లనీ, వకీళ్ల పేర్లు నమోదు చేసే బార్ కౌన్సిల్‌లో తాత్కాలికంగా ఎన్‌రోల్ అయిన రోజు నుంచి లెక్కిస్తారు. పదేళ్ల అనుభవం ఉన్న వకీలు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాని మీద జడ్జి ధ్రువీకరణ ఉండాలి. జడ్జిల దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలం కూడా కలుస్తుంది. అంటే మీ అమ్మాయి ముందున్నది ఐదేళ్ల చదువు మాత్రమే కాదు. ఐదేళ్ల చదువు, ఆ తర్వాత కోర్టులో మూడేళ్లు, మొత్తం ఎనిమిదేళ్లు. కాలేజీ ఎంచుకునేటప్పుడు అందరూ ఆ ఐదేళ్ల గురించే ఆలోచిస్తారు. అసలు కష్టం చివరి మూడేళ్లలో ఉంటుంది, ఎందుకంటే కొత్తగా కోటు వేసుకున్న జూనియర్‌కి చేతికి వచ్చేది చాలా తక్కువ. నగరాల్లో జూనియర్లకి నెలకి కనీసం 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇమ్మని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సీనియర్లకి చెప్పింది. అది సిఫారసే, కచ్చితంగా ఇవ్వాలన్న నియమం కాదు. అంతకంటే తక్కువకి, కొన్నిచోట్ల బస్సు చార్జీలకి మాత్రం పనిచేస్తున్న పిల్లల్ని నేను రోజూ కోర్టు వరండాల్లో చూస్తున్నాను.

ఇప్పుడు మీ ఆయన చెప్పిన అప్పు సంగతి. ఏడాదికి మూడు లక్షల చొప్పున ఐదేళ్లకి 15 లక్షలు. వడ్డీ 10 శాతం అనుకుందాం. విద్యా రుణం మీద వాయిదాలు సాధారణంగా చదువు అయిపోయిన ఏడాదికి మొదలవుతాయి, కానీ వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. మధ్యలో వడ్డీ కట్టకుండా వదిలేస్తే, వాయిదాలు మొదలయ్యే నాటికి ఆ 15 లక్షలు దాదాపు 21 లక్షలవుతాయి. పదేళ్లలో తీర్చాలంటే నెలకి 27,700 రూపాయలకు పైగా కట్టాలి. వడ్డీ ఎప్పటికప్పుడు కట్టుకుంటూ వచ్చినా నెల వాయిదా 19,800 దాకా ఉంటుంది. జూనియర్‌కి ఇమ్మని బార్ కౌన్సిల్ చెప్పిన మొత్తమే 20,000 కదా. ఇక ఆ పిల్ల ఏం తింటుంది, పుస్తకాలు ఏం కొంటుంది?

ఈ లెక్క మీ ఆయన్ని తప్పుపట్టడానికి వేయలేదమ్మా. కూతురి కోసం అప్పు చేయడానికి సిద్ధపడ్డ తండ్రి మీద నాకు గౌరవమే. కానీ అంత అప్పు నెత్తిన ఉన్న పిల్ల కోర్టుకి వెళ్లలేదు. ఏదో ఒక కంపెనీలో కాంట్రాక్టులు సరిచూసే ఉద్యోగం పట్టుకోవాల్సి వస్తుంది. అదేమీ చెడ్డ ఉద్యోగం కాదు, ఇష్టంగా వెళ్లేవాళ్లకి బాగుంటుంది. ఇష్టం లేకపోయినా వాయిదాల కోసం వెళ్లాల్సి వస్తే మాత్రం, జడ్జి కల ఆ అప్పుతోనే ముగిసిపోతుంది. నా దగ్గరకి పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల్లో బాగా చురుకైన వాళ్లు కొందరు ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయారు. ఏ ఒక్కరూ పని కష్టమని వెళ్లలేదు.

అందుకే నా సలహా నేరుగా చెబుతున్నాను: మెట్రోలో వెళ్లి రాగలిగే ఆ 70 వేల కాలేజీలో చేర్చండి. ఐదేళ్లకి మూడున్నర లక్షలు. ఒకవేళ అప్పు తీసుకున్నా నాలుగు లక్షల లోపే కాబట్టి బ్యాంకు తాకట్టు అడగకూడదు. మిగిలే డబ్బుని ఆమె కోర్టులో కూర్చునే ఆ మూడేళ్లకి దాచిపెట్టండి. చిన్నమ్మాయి పీయూసీకి వచ్చేసరికి ఇంట్లో డబ్బు నిండుకోకుండా కూడా ఉంటుంది.

స్టేట్ లా యూనివర్సిటీ అంటే చిన్నచూపు అక్కర్లేదు. కర్ణాటక స్టేట్ లా యూనివర్సిటీ హుబ్బళ్లిలో ఉంది, 2009లో ఏర్పడింది, బెంగళూరులోని చాలా పాత లా కాలేజీలు దాని కిందే ఉన్నాయి. ఎన్‌రోల్ అయ్యేటప్పుడు, వకీలుగా ప్రాక్టీసు చేయడానికి పాసవాల్సిన ఆలిండియా బార్ పరీక్ష రాసేటప్పుడు, సివిల్ జడ్జి పరీక్షకి దరఖాస్తు చేసేటప్పుడు ఆ డిగ్రీకీ నేషనల్ లా స్కూల్ డిగ్రీకీ తేడా చూపరు. భారత ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఎన్.వి.రమణ నాగార్జున యూనివర్సిటీలో లా చదివారు. ఢిల్లీ హైకోర్టుకి మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ జి.రోహిణి ఆంధ్రా యూనివర్సిటీలో చదివారు. వాళ్ల కాలంలో నేషనల్ లా యూనివర్సిటీలు లేవు కదా అంటారేమో, నిజమే. అయినా ఇవాళ్టికీ సివిల్ జడ్జి పరీక్షలో అడిగేది సివిల్ ప్రొసీజర్, సాక్ష్యాల చట్టం, తీర్పు రాయడం లాంటివే. కాలేజీ పేరు ఎవరూ అడగరు.

అలాగని ఆ కాలేజీకి కళ్లు మూసుకుని ఫీజు కట్టమనడం లేదు. ముందు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి చూడండి. కాలేజీకి అనుమతి ఉంటే చాలదు, మీ అమ్మాయి చేరబోయే కోర్సుకి, ఈ ఏడాదికి ఉండాలి. బీఏ ఎల్‌ఎల్‌బీకి ఉండి బీబీఏ ఎల్‌ఎల్‌బీకి లేకపోవచ్చు. ఆ కాగితం చూపించమని ఆఫీసులో అడగండి, చూపించడానికి నసిగితే బయటకి వచ్చేయండి. తర్వాత మీరూ అమ్మాయీ ఒక పనిరోజు మధ్యాహ్నం పూట వెళ్లి క్లాసులు నడుస్తున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. చాలా కాలేజీల అసలు రంగు మధ్యాహ్నం రెండు గంటల తర్వాతే కనపడుతుంది. లైబ్రరీకి వెళ్లి ఎస్‌సీసీ ఆన్‌లైన్ గానీ మనుపాత్ర గానీ (కోర్టు తీర్పులు వెతికే, డబ్బు కట్టి వాడే వెబ్‌సైట్లు) విద్యార్థులకి అందుబాటులో ఉందా అని అడగండి. లేకపోయినా మరీ దిగులు వద్దు, సుప్రీంకోర్టు తన తీర్పుల్ని 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్ పేరుతో ఉచితంగా పెడుతోంది, కొన్నిటికి తెలుగు, కన్నడ అనువాదాలు కూడా ఉన్నాయి. కానీ లైబ్రరీకి తాళం వేసి ఉంటే అక్కడ చేర్చకండి. నాలుగో ఏడాది, ఐదో ఏడాది పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని క్యాంటీన్ దగ్గర ఆపి, ఇంటర్న్‌షిప్ ఎవరి దగ్గర చేశారు, ఎలా దొరికింది అని అడగమనండి. ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలని బార్ కౌన్సిల్ నియమం. ఆ 20 వారాలూ నిజంగా వకీళ్ల ఆఫీసుల్లో గడిచాయా, సర్టిఫికెట్ల కోసం గడిచాయా అన్నది ఆ పిల్లల మాటల్లోనే తెలిసిపోతుంది. ఆ కాలేజీ నచ్చకపోతే జ్ఞానభారతిలో ఉన్న బెంగళూరు యూనివర్సిటీ లా కాలేజీ కూడా చూడండి. మీకు కె.ఆర్.పురం నుంచి మెట్రో మారక్కర్లేదు, అదే పర్పుల్ లైన్.

ఈ పర్పుల్ లైన్ మీ అమ్మాయికి ఇంకో మేలు చేస్తుంది. విధాన సౌధ దగ్గర ఉన్న అంబేద్కర్ స్టేషన్‌లో దిగితే హైకోర్టు నడిచిపోయే దూరమే. కాలేజీ అయ్యాక, సెలవుల్లో, ఏ వకీలు ఆఫీసుకైనా వెళ్లి ఫైళ్లు చదివి, మర్నాడు కోర్టులో అదే కేసు వాదన వినే వీలు బెంగళూరులో ఉన్న పిల్లకి ఐదేళ్లూ ఉంటుంది. హాస్టల్‌లో ఉండి ఏడాదికి రెండుసార్లు ఇంటికి వచ్చే పిల్లకి ఆ వీలు ఉండదు. ఉత్తరాదిలో ఉన్న ఆ యూనివర్సిటీ నాకు ఆట్టే నచ్చకపోవడానికి కారణం ఇదే. నేషనల్ లా యూనివర్సిటీలు అన్నీ ఒక్కటే సంస్థ అని చాలామంది అనుకుంటారు. ఒక్కోదాన్నీ ఒక్కో రాష్ట్రం తన చట్టంతో పెట్టింది, టీచర్లు, గ్రాంట్లు, ఫీజులు దేనికవే వేరు. బెంగళూరు స్కూల్ 1988లో మొదటి బ్యాచ్‌ని తీసుకుని ఐదేళ్ల లా చదువుకి దేశమంతటికీ దారి వేసింది. హైదరాబాద్‌లోని నేషనల్ లా యూనివర్సిటీ నల్సార్‌కి పాతికేళ్లు దాటాయి. అలాంటి చోట సీటు వచ్చి ఉంటే అప్పు చేసైనా పంపండి అని నేనే చెప్పేవాణ్ని, ఎందుకంటే తోటి పిల్లల నుంచీ, పాత విద్యార్థుల నుంచీ అక్కడ దొరికేది వేరే చోట దొరకదు. నిన్న మొన్న వచ్చిన యూనివర్సిటీకి పన్నెండున్నర లక్షలు పోసి, భాష తెలియని ఊళ్లో, ఆమె రేపు పనిచేయబోయే కోర్టులకి దూరంగా ఐదేళ్లు ఉంచడంలో నాకు లాభం కనపడటం లేదు. మీ అమ్మాయికి బెంగళూరు స్కూల్ మీద ఆశ చావకపోతే, డిగ్రీ అయ్యాక లా పీజీ అయిన ఎల్‌ఎల్‌ఎమ్‌కి మళ్లీ క్లాట్ రాయవచ్చు. ఈ ఒక్క స్కూల్ కోసం ఒక ఏడాది ఖాళీగా ఉంచి మళ్లీ రాయించడం మాత్రం వద్దు.

చెన్నై గురించి మీ తమ్ముడు చెప్పింది పాత సంగతి. హైకోర్టు ఆవరణ పక్కనున్న పాత మద్రాస్ లా కాలేజీ 1891 నాటిది. దాన్ని 2018లో నగరం బయటకి, పుదుపాక్కం, పట్టరైపెరుంబుదూరు అనే రెండు ఊళ్లకి మార్చారు. అక్కడ మంచి పేరున్నది తమిళనాడు అంబేద్కర్ లా యూనివర్సిటీ వాళ్ల స్కూల్ ఆఫ్ ఎక్సలెన్స్. అది పెరుంగుడిలో ఉంది, అంబత్తూరు నుంచి రోజూ వెళ్లి రావడం చిన్న పని కాదు. సీట్లు పన్నెండో తరగతి మార్కుల మీద ఇస్తారు, బయటి రాష్ట్రాల పిల్లలు ఓపెన్ కేటగిరీలోనే పోటీ పడాలి. మేనమామ ఇల్లు ఉంది కాబట్టి మనసుకి ధైర్యంగా ఉంటుంది, కాదనను. కానీ తమిళనాడులో కింది కోర్టుల భాష తమిళం. మీ అమ్మాయి అక్కడ ఐదేళ్లు ఉండి నేర్చుకునే కోర్టు భాష కర్ణాటకలోనూ పనికిరాదు, ఆంధ్రలోనూ పనికిరాదు. ఆవడిలోనో కొళత్తూరులోనో పుట్టి పెరిగి తమిళం ధారాళంగా చదవగలిగే తెలుగు పిల్ల అయితే ఇదే యూనివర్సిటీని నేను ముందు చెబుతాను.

భాష గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆస్తి మీ అమ్మాయికి ఇక్కడే ఉంది. హైకోర్టులో వ్యవహారమంతా ఇంగ్లీషులో నడుస్తుంది. కింది కోర్టుల్లో సాక్షి చెప్పేది, పహణీలో (భూమి రికార్డులో) ఉన్నది, పోలీసు రాసిన పంచనామా, అన్నీ కన్నడలో ఉంటాయి. కర్ణాటక సివిల్ జడ్జి మెయిన్ పరీక్షలో కన్నడ నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి కన్నడకి తర్జుమా పేపరే ఒకటి ఉంటుంది. బెంగళూరులో పెరిగింది కాబట్టి మాట్లాడటం వచ్చే ఉంటుంది. అది చాలదు. కన్నడ దినపత్రిక రోజూ ఒక పేజీ బయటకి చదివించండి, ఒక పేరా రాయించండి. తెలుగు లిపి వచ్చిన పిల్లకి ఆ అక్షరాలు రావడం పెద్ద కష్టం కాదు. లిపులు రెండూ అంత దగ్గర. తెలుగు చదవడం రాయడం వదిలేసి ఉంటే అదీ మళ్లీ మొదలుపెట్టించండి. బాగేపల్లి, చింతామణి, పావగడ, బళ్లారి వైపు కోర్టుల్లో సాక్షులు తెలుగులో మొదలుపెట్టి కన్నడలో ముగిస్తారు. ఇంట్లో మదనపల్లె తెలుగు, బయట కన్నడ, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న పిల్ల ఆ ఊళ్లలో వకీలుగా నిలబడితే క్లయింటుకి ఎంత ధైర్యమో నేను చూశాను. రేపు మనసు మారి ఆంధ్రప్రదేశ్‌లో పరీక్ష రాస్తానన్నా తెలుగు కావాలి.

మీ ఆయన చెప్పే పేరున్న యూనివర్సిటీ గురించి ఒక మాట. అప్పు లేకుండా ఫీజు కట్టగలిగిన ఇంటికి, లేదా పిల్ల మొదటి నుంచీ కంపెనీ ఉద్యోగమే కావాలంటున్న ఇంటికి ప్రైవేట్ యూనివర్సిటీ తప్పేమీ కాదు. కొన్నిట్లో టీచర్లు బాగుంటారు, మూట్ కోర్టులు (విద్యార్థుల నమూనా వాదనలు) బాగా నడుస్తాయి, క్లాసులు వేళకి జరుగుతాయి. కానీ బ్రోషర్లో వేసే పెద్ద జీతం ఒక్కరిదో ఇద్దరిదో అయి ఉంటుంది. పోయిన ఏడాది బయటకి వెళ్లిన బ్యాచ్‌లో ఎంతమంది, అందులో ఎందరికి ఉద్యోగం వచ్చింది, మధ్యలో ఉన్న పిల్లకి ఎంత జీతం అని రాతపూర్వకంగా అడగమనండి. ఆయన కాంట్రాక్టరే కదా, కాగితం మీద లేని మాటకి విలువ ఎంతో ఆయనకి నేను చెప్పక్కర్లేదు. ఇంకొకటి కూడా ఆయనకి తెలియాలి. ఐదేళ్ల లా కోర్సులో మధ్యలో మానేస్తే మూడేళ్లకి బీఏ ఇచ్చి పంపడం ఉండదు, బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. నాలుగో ఏడాదిలో ఫీజు కట్టలేక ఆగిపోతే చేతికి ఏ డిగ్రీ రాదు. అందుకే మొదటి ఏడాది ఫీజు కట్టగలమా అని కాకుండా, ఐదో ఏడాది ఫీజు కట్టగలమా అని చూసుకోవాలి.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ భయం అమ్మాయి భద్రత గురించే అయి ఉంటుంది. జస్టిస్ అమరేశ్వరి గారు 1978లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి అయ్యారని, బెంగళూరులో 1987లో ప్రాక్టీసు మొదలుపెట్టిన జస్టిస్ నాగరత్న ఇవాళ సుప్రీంకోర్టులో ఉన్నారని మెల్లిగా చెప్పండి. జూనియర్ సివిల్ జడ్జి మూలవేతనం 77,840 రూపాయల దగ్గర మొదలవుతుందని కూడా చెప్పండి.

ఇక ఈ వారం చేయాల్సింది. ప్రైవేట్ యూనివర్సిటీ నుంచి ఫోన్ వస్తే తొందరపడకండి. సీటు పోతుందన్న భయంతో ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే రసీదు జాగ్రత్త. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజుల ముందే తప్పుకుంటే యూనివర్సిటీ 5 శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాదంతా వెనక్కి ఇవ్వాలని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నియమం. తేదీ దగ్గరపడే కొద్దీ వెనక్కి వచ్చేది తగ్గిపోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంచుకునే అధికారం కూడా లేదు, సరిచూసి తిరిగి ఇచ్చేయాలి. స్టేట్ లా యూనివర్సిటీ కాలేజీకి దరఖాస్తు గడువు ఎప్పుడో రేపే కనుక్కోండి. ఈలోగా అమ్మాయిని ఒక రెండు రోజులు సివిల్ కోర్టుకి పంపండి, వెనక బెంచీలో కూర్చుని చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాయిదా మీద వాయిదా పడే కేసులు, ఉదయం నుంచి ఎదురుచూసే ముసలివాళ్లు, గొంతు పెంచకుండా అందరి మాటా వినే జడ్జి, అన్నీ చూసి ఇంటికి వచ్చాక కూడా ఇదే చదువుతానంటే వెళ్లి ఫీజు కట్టేయండి.